గొంగడి ఉన్ని, వైండింగ్ తీగ, టర్కీ ఈక: ట్రౌట్ నింఫ్‌ను చేతితో కట్టే పద్ధతి

వానలు వెనకబట్టాక మీ ఊరి చెరువు అలుగు కింద నీళ్లు పల్చగా పారే చోటికి వెళ్లి, అరచేతి వెడల్పు రాయి ఒకటి మెల్లగా తిరగేసి చూడండి. రాయి అడుగున గోధుమ గింజంత పురుగులు వెలుగుకు బెదిరి జరజరా పాకుతాయి. ఆరు కాళ్లు, చివర వెంట్రుకల్లాంటి మూడు తోకలు, వీపు మీద చిన్న మూటలా ముడుచుకున్న రెక్కలు. ఇవి మేఫ్లై పిల్లలు. వీటినే నింఫ్‌లు అంటారు. రెక్కలు వచ్చి గాలిలోకి లేచాక ఈ పురుగు బతికేది కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో. అంతకు ముందు నెలల తరబడి, చల్లని ప్రాంతాల్లో ఒక్కోసారి ఏడాదికి పైగా, నీటి అడుగునే ఉంటుంది. కాబట్టి ట్రౌట్ చేపకు ఏ కాలంలోనైనా దొరికే తిండి ఈ పిల్లలే. ఎగిరే ఈగ కోసం ట్రౌట్ నీటి మీదికి దూకడం చూడముచ్చటగా ఉంటుంది గానీ, దాని కడుపు నిండేది ఎక్కువగా నీటి అడుగునే.

ఆ పిల్ల రూపాన్ని గాలం మీద ఈకతో, ఉన్నితో, తీగతో తెప్పించడమే నింఫ్ కట్టడం. రాయి తిప్పి ఆ పురుగును కళ్లారా చూడకుండా గాలం ముట్టుకోవద్దని నేను నేర్చుకోవడానికి వచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతాను. తెల్లటి పింగాణీ పళ్లెంలో రెండు గుక్కెల నీళ్లు పోసి, పురుగును అందులో వదిలి పది నిమిషాలు చూడండి. అది ఎంత సన్నగా ఉందో చూడండి. ఈదేటప్పుడు కాళ్లు ఒంటికి ఎలా దగ్గరగా పెట్టుకుంటుందో చూడండి. చూశాక దాన్ని తిరిగి నీళ్లలో వదిలేయండి.

నల్లగొండలో కూర్చుని ట్రౌట్ గాలం కట్టడమేమిటని అడిగేవారున్నారు. నిజమే, ఆ చేప మన దగ్గర బతకదు. నీళ్లు 20 డిగ్రీలు దాటితే దానికి అవస్థ మొదలవుతుంది, 25 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. ఎండాకాలంలో మన చెరువు నీళ్లు అంతకన్నా వేడిగా ఉంటాయి. మన దేశంలో ట్రౌట్ ఎక్కువగా ఉన్నది కశ్మీరు, హిమాచల్ వాగుల్లో, దక్షిణాన నీలగిరి, మున్నార్ కొండల్లో. అన్ని చోట్లా బ్రిటిష్ కాలంలో తెచ్చి వదిలినవే. నేను హిమాచల్‌లోని తీర్థన్ లోయకు మొదటిసారి వెళ్లినప్పుడు కొన్న నింఫ్‌లు పట్టుకెళ్లాను. రెండో రోజు మధ్యాహ్నానికే సగం రాళ్ల మధ్య చిక్కి తెగిపోయాయి. సొంతంగా కట్టుకోవాలని అక్కడే నిర్ణయించుకున్నాను. ఇంటికి వచ్చి సామాను వెతకడం మొదలుపెడితే, గాలం తప్ప మిగతావి చాలావరకు మన నల్లగొండ, పాలమూరు పాత జిల్లాల వృత్తుల్లోనే దొరికాయి.

సామాను

గాలం ముక్క మాత్రం కొనాల్సిందే. మన చెరువు గట్ల దగ్గర అమ్మే గాలాలు దీనికి మరీ లావు. ఫ్లై, అంటే ఇలా పురుగు రూపంలో కట్టే ఎర, కట్టడానికని అమ్మే 14 నంబరు గాలం తీసుకోండి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుందని గుర్తుంచుకోండి. 12 నంబరు దీనికంటే పెద్దది, 16 చిన్నది. నేర్చుకునే మొదటి నెలలో 12 వాడితే వేళ్లకు సులువు. గాలంలో ఐదు భాగాలుంటాయి: దారం కట్టే కన్ను, నిలువుగా ఉండే కాడ, వంపు, మొన, మొన పక్కన వెనక్కి తిరిగిన ముల్లు.

తీగ కోసం ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే వైండింగ్ షాపుకు వెళ్లండి. మన జిల్లాలో బోరు మోటార్ల వల్ల ఏ మండల కేంద్రంలో చూసినా ఇలాంటి షాపు ఒకటి ఉంటుంది. బోరు మోటారు తీగ అడగవద్దు. అది లావు, పైన ప్లాస్టిక్ తొడుగు కూడా ఉంటుంది. 38 లేదా 40 గేజి ఎనామిల్ రాగి తీగ అడగండి. 40 గేజి అంటే సుమారు 0.12 మిల్లీమీటర్లు, మనిషి వెంట్రుక కంటే కాస్త లావు. ఎనామిల్ పూత ఉండటం వల్ల ఆ ఎర్రటి గోధుమ రంగు నీళ్లలో త్వరగా నల్లబడదు. గుప్పెడు తీగ ఉంటే వంద నింఫ్‌లు కట్టవచ్చు.

దారానికి చేనేత వాళ్ల పట్టు పోగే తగినది. పోచంపల్లి, పుట్టపాక, గట్టుప్పల్ వైపు మగ్గాలున్న ఇంట్లో అడిగితే కండెకు మిగిలిన పోగు ఇస్తారు. నింఫ్ కట్టే దారం 70 డెనియర్ల దాకా ఉండవచ్చు (డెనియర్ అంటే దారం లావును చెప్పే కొలత). నేత పట్టు ఒంటి పోగు 20 నుంచి 22 డెనియర్లు ఉంటుంది కాబట్టి మూడు పోగులు పురి పెడితే మనకు కావలసినంత సన్నదనం, బలం రెండూ వస్తాయి. తుప్పు రంగు గానీ ముదురు గోధుమ రంగు గానీ ఎంచుకోండి. పట్టు దొరకకపోతే సన్నటి పాలిస్టర్ దారం వాడవచ్చు. మామూలు కుట్టు నూలు దారం మాత్రం వద్దు, మూడు చుట్లకే ఒళ్లు బలిసిపోతుంది.

తోకకు, ఒంటికి ఈక కావాలి. ఈ రకం నింఫ్‌కు పేరు తెచ్చింది ఇంగ్లండులో ఏవన్ నది కాపలాదారుగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్. ఆయన ఫెజంట్ అనే పక్షి తోక ఈక పోగులు, రాగి తీగ, ఈ రెండింటితోనే మొత్తం నింఫ్ కట్టేవాడు. దారం కూడా వాడలేదు. ఫెజంట్ మన ఊళ్లలో లేదు గానీ టర్కీ కోళ్లు పెంచేవాళ్లు ఇప్పుడు చాలా చోట్ల ఉన్నారు. గోధుమ రంగు టర్కీ తోక ఈక ఆ పనిని సరిగ్గా చేస్తుంది. కింద రాలిన ఈకలు అడిగి తెచ్చుకోండి. సబ్బు నీళ్లలో కడిగి, నీడలో ఆరబెట్టి, వేపాకు వేసిన డబ్బాలో పెట్టండి. ఎండలో పెడితే రంగు వెలిసిపోయి పోగు పెళుసెక్కుతుంది.

ఇక ఉన్ని. పాత పద్ధతిలో వక్ష భాగానికి చెవులపిల్లి చెవి మీది వెంట్రుకలు వాడతారు. మన దగ్గర చెవులపిల్లిని వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ అవసరమే లేదు కూడా. పాలమూరు వైపు కురుమలు గొంగళ్లు నేసే దక్కని గొర్రె నల్ల ఉన్ని దానికన్నా బాగా పనిచేస్తుందని నేను అనుభవంతో చెబుతున్నాను. ముతక వెంట్రుక నీళ్లలో నిక్కి నిలబడి కాళ్లలా కదులుతుంది. అయితే రెండు జాగ్రత్తలున్నాయి. ఉన్నిలో సహజంగా జిడ్డు ఉంటుంది. అది నీటిని నెట్టేస్తుంది, నింఫ్ మునగదు. కుంకుడుకాయ రసంలో రాత్రంతా నానబెట్టి, రెండు సార్లు జాడించి ఆరబెట్టండి. రెండోది, పెద్ద గొర్రె ఉన్ని ఒక్కటే అయితే దారానికి అంటుకోదు. గొర్రె పిల్ల మొదటి కత్తిరింపు ఉన్ని మెత్తగా ఉంటుంది. అది రెండు వంతులు, ముతక ఉన్ని ఒక వంతు తీసుకుని, సెంటీమీటరు ముక్కలుగా కత్తిరించి, వేళ్లతో చీల్చి చీల్చి కలపండి.

నెమలి ఈక పోగు కూడా ఈ పనికి పేరున్నదే. మా పొలాల్లో రాలిన ఈకలు దొరుకుతాయి. దొరికితే వాడుకోండి, ఈక కోసం పక్షి జోలికి పోవద్దు. నెమలి ఈక పెట్టి కట్టినవి విదేశాల్లోని స్నేహితులకు పంపవద్దు, ఆ ఈకల ఎగుమతి మన దేశంలో నిషిద్ధం.

బరువుకు ఇత్తడి పూస. నల్లపూసలు గుచ్చే దుకాణంలో 2.5 నుంచి 3 మిల్లీమీటర్ల గుండ్రటి పూసలు దొరుకుతాయి. నేర్చుకోవడానికి అవి చాలు. కొండవాగు వేగానికి మాత్రం టంగ్‌స్టన్ పూస కొనడం మంచిది. ఇత్తడి నీటికంటే ఎనిమిదిన్నర రెట్లు బరువైతే, టంగ్‌స్టన్ 19 రెట్లు. సీసపు తీగ చుట్టే అలవాటు కొందరికి ఉంది. సీసం విషం, తెగిన గాలంతో పాటు అది వాగులోనే ఉండిపోతుంది. నేను వాడను.

మిగిలినవి: గాలాన్ని పట్టి ఉంచే చిన్న వైస్, దారపు కండెను పట్టుకునే బాబిన్ హోల్డర్, మొన సన్నగా ఉన్న కత్తెర, ఒక సూది, రంగు లేని గోళ్ల పాలిష్, శనగ గింజంత తేనె మైనం. మైనం మాకు నల్లమల నుంచి వస్తుంది, మన్ననూరు వైపు చెంచులు తేనె తీసినప్పటిది. ఆ వాసన చేతికి అంటుకుంటే పనిలో ప్రాణం లేచి వస్తుంది.

కట్టే క్రమం

మొదట సన్న ముక్కు శ్రావణంతో గాలం ముల్లును నొక్కి మొనకు చదునుగా చేయండి. చేపకు గాయం తగ్గుతుంది, చిన్న చేపను వదిలేయడం సులువవుతుంది, పూస కూడా అడ్డం లేకుండా ఎక్కుతుంది. పూసను మొన నుంచి ఎక్కించి కన్ను దాకా తోయండి. రంధ్రం ఒకవైపు చిన్నదిగా ఉంటే ఆ వైపు కన్నుకు తగలాలి. గాలాన్ని వంపు దగ్గర వైస్‌లో బిగించండి. కాడ నేలకు సమాంతరంగా ఉండాలి.

పూస వెనక రాగి తీగను పక్కపక్కనే పది పన్నెండు చుట్లు చుట్టి, ఆ చుట్టను పూస రంధ్రంలోకి తోయండి. పూస కదలకుండా కూర్చుంటుంది, కాస్త బరువు కూడా కలుస్తుంది.

ఇప్పుడు దారం. పోగును మైనం ముద్ద మీద ఒకసారి లాగండి. తీగ చుట్ట వెనక దారాన్ని కాడకు ఆనించి, ముందుకు ఐదు చుట్లు, వాటి మీదుగానే వెనక్కి ఐదు చుట్లు వేయండి. దారం తన మీద తానే బిగుసుకుంటుంది, ముడి అక్కర్లేదు. మిగిలిన కొస కత్తిరించి, చుట్టు పక్కన చుట్టు వేస్తూ వంపు మొదలయ్యే చోటుకు చేరండి. ముల్లు ఉన్న చోటుకు సరిగ్గా పైన ఆగాలి. అక్కడితో ఆగకపోతే తోక కిందికి వంగి, పురుగు చచ్చి వేలాడుతున్నట్లు కనిపిస్తుంది.

తోక దగ్గర తొందరపడవద్దు. టర్కీ ఈకలో నాలుగు పోగులు వేరు చేసి, ఈక కాడకు లంబంగా లాగి పట్టుకుంటే కొసలు సమానంగా వస్తాయి. అప్పుడు మొదట్లో కత్తిరించండి. తోక పొడవు గాలం కాడలో సగం ఉంటే చాలు. పోగులను కాడ మీద పెట్టి, ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పోగులతో పాటు కాడను కూడా చిటికె పట్టండి. దారాన్ని పైకి తెచ్చి, ఆ రెండు వేళ్ల మధ్య నుంచే సడలుగా అవతలి వైపుకు దించండి. దారం కిందికి వచ్చాక, వేళ్లు వదలకుండా, నిట్టనిలువుగా లాగి బిగించండి. ఇంకో రెండు చుట్లు. ఇప్పుడు వేళ్లు తీసి చూడండి. పోగులు కాడ నెత్తిన తిన్నగా ఉంటే పట్టు కుదిరినట్లు. అవతలి వైపుకు జారితే విప్పి మళ్లీ కట్టండి. ఈ చిటికె పట్టు ఒక్కటి చేతికి వస్తే మిగతా పని సగం వచ్చినట్లే. నేను ఉత్త గాలం మీద కేవలం ఈ ఒక్క అడుగునే వారం రోజులు కట్టి విప్పాను.

తోక కట్టిన చోటే అరచేతి పొడవు రాగి తీగ కొసను కాడ అవతలి పక్కన కట్టండి. దారాన్ని ముందుకు నడిపించి, కాడలో మూడింట రెండు వంతుల దగ్గర నిలపండి. అక్కడిదాకా ఉదరం, ఆ తర్వాత వక్షం.

తోక కట్టాక మిగిలిన ఈక పోగులను కత్తిరించవద్దు. వాటిని వేలితో కొద్దిగా తడిపి, నాలుగూ కలిపి మెల్లగా ముందుకు చుట్టుకుంటూ రండి. ఒక్కో చుట్టు ముందుదాని అంచును తాకాలి, ఎక్కకూడదు. దారం దగ్గరకు వచ్చాక మూడు చుట్లు బిగించి, మిగిలినది కత్తిరించండి. తోక పక్కన సన్నగా, వక్షం దగ్గరికి వచ్చేసరికి రవ్వంత లావుగా ఉదరం రావాలి.

ఆ పోగులు పెళుసు. ట్రౌట్ పళ్లు ఒక్కసారి తగిలితే తెగి విప్పుకుంటాయి. అందుకే రాగి తీగ. పోగులు ఏ వైపు చుట్టారో దానికి ఎదురు దిశలో తీగను ఐదు చుట్లు, ఎడం సమంగా ఉండేలా తిప్పండి. ఎదురు దిశలో తిప్పితే తీగ ప్రతి పోగునూ అడ్డంగా కట్టిపడేస్తుంది. అదే దిశలో తిప్పితే పోగుల సందుల్లోకి జారి కనబడకుండా పోతుంది. తీగను దారంతో కట్టి, కత్తెర వాడకుండా అటూ ఇటూ మెలి తిప్పితే మొదట్లో తెగిపోతుంది. కత్తెర అంచు కూడా మిగులుతుంది. ఈ ఐదు మెరుపు గీతలు పురుగు ఒంటి కణుపుల్లా కనిపిస్తాయి. గద్వాల జరీ పోగుతో కూడా నేను కొన్ని కట్టాను. మబ్బు పట్టిన రోజున ఆ మెరుపు బాగుంటుంది, గట్టిదనం మాత్రం రాగికే ఎక్కువ.

రెక్కల మూటకు ఆరేడు ఈక పోగులు కావాలి. వాటి నిగనిగలాడే వైపు కిందికి పెట్టి, ఉదరం ముగిసిన చోట కట్టి, వెనక్కి వదిలేయండి. తర్వాత ముందుకు మడిచినప్పుడు నిగనిగ పైకి వస్తుంది.

వక్షం కట్టేటప్పుడు ఉన్ని చిటికెడు కూడా ఎక్కువే. గింజంత తీసుకుని, మైనం రాసిన దారానికి ఆనించి, దేవుడి దీపానికి వత్తి చేసినట్లు బొటనవేలు, చూపుడువేలు మధ్య ఒకే దిశలో నలపండి. ముందుకూ వెనక్కూ నలిపితే చుట్టుకున్నది విప్పుకుంటుంది. రెండు సెంటీమీటర్ల పొడవున సన్నటి వత్తి చాలు. దాన్ని పూస వెనక దాకా మూడు నాలుగు చుట్లు వేయండి. చాలదు అనిపిస్తే ఇంకొంచెం కలపవచ్చు. ఎక్కువైతే తీయడం కష్టం.

ఇప్పుడు ఆ ఈక పోగులను వక్షం మీదుగా ముందుకు మడిచి, పూస వెనక గట్టిగా నాలుగు చుట్లు బిగించి, మిగిలినది కత్తిరించండి. ఇక ముగింపు ముడి. కొత్తవాళ్లకు సులువైన దారి ఇది: పూస పట్టేంత రంధ్రం ఉన్న ఖాళీ పెన్ను గొట్టం తీసుకోండి. దారాన్ని గొట్టం మీద ఒక మెలిక వేసి, గొట్టం మూతిని కన్ను, పూస మీదికి తొడిగి, మెలికను జార్చండి. అది పూస వెనక పడి బిగుస్తుంది. ఇలా నాలుగు సార్లు చేయండి. సూది కొసతో గోళ్ల పాలిష్ ఒక్క చుక్క దారం మీద పెట్టండి. ఉన్నికి తగలకూడదు, తగిలితే గట్టిపడి ప్రాణం పోతుంది.

ఆరాక సూదితో వక్షం రెండు పక్కలా ఉన్నిని నాలుగైదు వెంట్రుకలు మాత్రం బయటికి లాగండి. అవే కాళ్లు. సాయర్ తన నింఫ్‌కు కాళ్లే పెట్టలేదు. నింఫ్ ఈదేటప్పుడు కాళ్లను ఒంటికి అదుముకుంటుందని ఆయన నీళ్లలో గమనించాడు. మీరు పళ్లెంలో చూసింది కూడా అదే.

తప్పులు ఎక్కడ వస్తాయి

నేను కట్టిన మొదటి నింఫ్‌లు తుమ్మెదల్లా లావుగా వచ్చాయి. ఉన్ని ఎక్కువ, చుట్లు ఎక్కువ, తోక ఎక్కువ. అవి నీళ్లలో నెమ్మదిగా దిగి, పక్కకు వాలి, వాగు అడుగుకు చేరేలోపే కొట్టుకుపోయేవి. లావు ఒళ్లు నీటిని అడ్డుకుంటుంది, సన్నటిది సూదిలా దిగుతుంది. ప్రతి అడుగులో సామానులో సగం తీసి పక్కన పెట్టడం అలవాటు చేసుకున్నాక నా నింఫ్‌లు బాగుపడ్డాయి.

ఒళ్లంతా కాడ చుట్టూ గిర్రున తిరుగుతుంటే, మొదట్లో దారపు పునాది వేయకుండా ఉత్త కాడ మీద పోగులు కట్టారన్నమాట. దారం తరచూ తెగుతుంటే చాలాసార్లు గాలం మొన గీసుకోవడమే కారణం. వైస్‌లో గాలాన్ని కాస్త లోపలికి తోసి మొనను దాచండి. పోగులు మధ్యలో తెగుతుంటే ఈక పాతబడి ఎండిపోయిందని అర్థం. ఆవిరి పట్టిస్తే కొంత మెత్తబడుతుంది.

నీళ్లలో పరీక్ష

గాజు గ్లాసు నిండా నీళ్లు పోసి నింఫ్‌ను దారానికి కట్టి వదలండి. మొదటిసారి ఉన్నిలో గాలి బుడగలుంటాయి, వేళ్లతో నలిపి గాలి తీసేసి మళ్లీ వదలండి. తల ముందు, తోక వెనక, నిటారుగా దిగాలి. ఆ తర్వాత ఊళ్లోనే చేప మీద చూడవచ్చు. కాలువలోని పరిగెలు, చెరువు అంచుల్లోని చిలాపిలు ఈ నింఫ్‌ను అందుకుంటాయి. నెమ్మదిగా, జానెడు జానెడు చొప్పున దారం లాగండి. మన చెరువులు చాలావరకు మత్స్యకారుల సహకార సంఘాల చేతిలో ఉంటాయి. గట్టున ఉన్న వాళ్లను అడిగి గాలం వేయండి, వాళ్ల జీవనాధారం అది. ట్రౌట్ వాగులో పద్ధతి వేరు: ప్రవాహానికి ఎదురుగా పైకి విసిరి, నీళ్ల వేగంతోనే రానివ్వాలి, లాగకూడదు. అక్కడ లైసెన్సు తప్పనిసరి, గుడ్లు పెట్టే చలినెలల్లో నిషేధం ఉంటుంది. బయలుదేరే ముందే ఆ రాష్ట్ర మత్స్యశాఖ దగ్గర తెలుసుకోండి.

ప్రయాణానికి సర్దేటప్పుడు ఒక్కో నింఫ్‌ను వెలుగుకు ఎత్తి గాలం కంటిలో నుంచి అవతలికి చూడండి. పాలిష్ చుక్క గట్టిపడి ఎక్కడైనా కన్ను మూసుకుపోయి ఉంటే ఇంట్లోనే సూదితో పొడిచి తీసేయండి. తెల్లవారుజామున ఆ మంచు నీళ్ల పక్కన వేళ్లు కొంకర్లు పోతాయి, అప్పుడు ఆ పని చేయలేరు.